ట్రస్టీగా ఉండమని అడిగితే ముందు లెక్కల పుస్తకం చూడండి: ఊరి సేవాసంస్థలో చేరేవారికి సమగ్ర మార్గదర్శి

"పేరుకి ఉండండి టీచర్‌గారూ, ఎప్పుడైనా ఓ సంతకం పెడితే చాలు. మిగతా పనంతా మేం చూసుకుంటాం."

పదకొండేళ్ల క్రితం మా పట్టణంలోని ఒక చిన్న ట్రస్టు పెద్దమనిషి మా వరండాలో కూర్చుని అన్న మాట ఇది. ఆ ట్రస్టు సాయంత్రం పూట పిల్లలకు ఉచితంగా ట్యూషన్ చెప్పించేది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు మధ్యాహ్నం భోజనం క్యారేజీ పంపేది. మంచి పని, తెలిసిన మనుషులు. వెంటనే ఒప్పుకున్నాను. ఏ కాగితమూ అడగలేదు.

రెండో ఏడాది నేను మా అమ్మాయి పురిటికి వెళ్తుంటే ఐదు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకున్నారు. వాటిలో ఒకటి ట్రస్టుతో సంబంధం లేని ఇంటికి ఇటుకలు తోలిన వ్యాపారికి వెళ్లింది. ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ వారానికి ఆరు రోజులు వెళ్లాల్సిన క్యారేజీ నాలుగు రోజులే వెళ్లింది. చెక్కు మీద నా సంతకం ఉంది కాబట్టి ఆ రెండు రోజుల ఆకలిలో నా వంతు ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే మీకెవరైనా "పేరుకి ఉండండి" అంటే ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో వివరంగా రాస్తున్నాను. ట్రస్టీ కావద్దని చెప్పడం లేదు. మన ఊళ్లలో ఇలాంటి సంస్థలకు చదువుకున్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు, లెక్క అడగగలవాళ్లు చాలా అవసరం.

మొదటి అడుగు: అది ఏ రకం సంస్థో తేల్చుకోండి

మనం అన్నిటినీ "ట్రస్టు" అనేస్తాం. చట్టం దృష్టిలో మాత్రం మూడు రకాలున్నాయి, మీ బాధ్యత కూడా దాన్నిబట్టే మారుతుంది.

అసలు ట్రస్టు అంటే ఒక దస్తావేజు, అంటే ట్రస్టు డీడ్, రాసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించినది. చాలా డీడ్ల మీద 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం పేరు రాసి ఉంటుంది. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టుల కోసం చేసినది, ప్రజలందరి మేలు కోసం పెట్టిన ట్రస్టుకు నేరుగా వర్తించదు. అందులోని సూత్రాలను కోర్టులు చూస్తాయి, కానీ రోజువారీ వ్యవహారంలో మీకు చట్టం మీ డీడే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం ధర్మసంస్థల గురించి కూడా మాట్లాడుతుంది. కాబట్టి దాని కింద సంస్థ పరిస్థితి ఏమిటని ఒక ప్రశ్న వేయండి.

రెండోది సొసైటీ. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. తెలంగాణలోనూ అదే చట్టం ఆ రాష్ట్రం పేరుతో నడుస్తోంది. ఇక్కడ మిమ్మల్ని కార్యవర్గ సభ్యులు అంటారు, సర్వసభ్య సమావేశం ఎన్నుకోవాలి. మూడోది 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ. అందులో మీరు డైరెక్టర్ అవుతారు, డిన్ అనే డైరెక్టర్ గుర్తింపు నంబరు తీసుకోవాలి. చిన్న పట్టణాల్లో ఇవి తక్కువ.

గుడి ట్రస్టు బోర్డు సంగతి వేరు. దేవాదాయ శాఖ కింద ఉన్న గుళ్లకు సభ్యుల నియామకం ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా జరుగుతుంది. ఈ వ్యాసంలో ఆ దారి గురించి చెప్పడం లేదు.

రెండో అడుగు: ముందు పనివాళ్లలో ఒకరిగా ఉండండి

కనీసం మూడు నెలలు మామూలు వాలంటీరుగా వెళ్లండి. వడ్డించండి, పాఠం చెప్పండి, గ్రంథాలయమైతే పుస్తకాలు సర్దండి. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం నూరేళ్లు దాటి నిలిచాయంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు బీరువా తాళాలు తీసి దుమ్ము దులిపే పని కూడా చేసి ఉండాలి కదా.

ఆ మూడు నెలల్లో ఆఫీసు గదిలో కన్నా వంటగదిలో ఎక్కువ విషయాలు తెలుస్తాయి. వంటమనిషికి జీతం ఏ తేదీన వస్తోంది? కిరాణా కొట్టులో ఎన్ని నెలల బాకీ ఉంది? సరుకు ఇచ్చిన దాతకు రసీదు ఇస్తున్నారా, లేక ఫొటో తీసుకుని పంపిస్తున్నారా? సాయం తీసుకునేవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారు? ముసలామెను "ఏయ్" అని పిలిచే చోట లెక్కలు ఎంత బాగున్నా నేను చేరను.

మీ సమయం కూడా అంచనా వేసుకోండి. సంతకాలు పెట్టే ట్రస్టీకి నా అనుభవంలో నెలకు పది పన్నెండు గంటలు పడుతుంది. ఆడిట్ నెలలో ఇంకా ఎక్కువ. అంత వీలు లేకపోతే వాలంటీరుగానే కొనసాగండి, సంస్థకు అదీ గొప్ప సాయమే.

మూడో అడుగు: కాగితాలు అడగండి, కూర్చుని చదవండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, చాలామంది మొహమాటపడేదీ ఇక్కడే. "లెక్కలు అడిగితే నమ్మకం లేనట్టు అనుకుంటారేమో" అని. దానికి నేను అలవాటు చేసుకున్న మాట ఇది: "అన్నయ్యగారూ, రేపు ఎవరైనా నన్ను అడిగితే నేను జవాబు చెప్పాలి కదా, ఒక్కసారి చూసి ఇస్తాను." ఇంత మర్యాదగా అడిగినా కాగితాలు ఇవ్వకపోతే ఆ పదవి వద్దు.

అడగాల్సినవి: రిజిస్టరైన డీడ్, తర్వాత చేసిన సవరణలు ఉంటే అవి, సొసైటీ అయితే బైలాస్, అంటే నియమావళి. సంస్థ పాన్ కార్డు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఎబి (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) ఉత్తర్వులు. గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, రిటర్నులు. ఒక ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్. సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకం. భవనం ఎవరి పేరు మీద ఉందో చూపే కాగితం. ప్రభుత్వ గ్రాంట్లు తీసుకుంటుంటే స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు తీసుకుంటుంటే సీఎస్ఆర్-1 నమోదు.

డీడ్‌లో మొదట చూడాల్సింది ట్రస్టీని నియమించే అధికారం ఎవరిది, తీసేసే అధికారం ఎవరిది అన్నది. కొన్ని డీడ్లలో స్థాపకుడు జీవితాంతం మేనేజింగ్ ట్రస్టీ, ఆయన తర్వాత ఆయన పెద్దకొడుకు, మిగతావాళ్లను ఎప్పుడైనా తొలగించవచ్చు అని ఉంటుంది. అలాంటి చోట మీరు అభ్యంతరం చెప్పిన మర్నాడే బయట ఉండొచ్చు. పదవీకాలం ఎన్నేళ్లు, సమావేశం చెల్లాలంటే కనీసం ఎందరు హాజరు కావాలి (కోరం), చెక్కు మీద ఎన్ని సంతకాలు ఉండాలి, సంస్థ మూతపడితే ఆస్తి ఎవరికి వెళ్తుంది అన్నవీ చూడండి. ఆస్తి ఇలాంటి పని చేసే మరో సంస్థకే వెళ్లాలని స్పష్టంగా ఉండాలి.

పన్ను ఉత్తర్వుల మీద గడువు తేదీ చూడండి. 12ఎబి నమోదు సాధారణంగా 5 ఏళ్లకు ఇస్తారు. అంతకుముందు రెండేళ్లలో ఏటా ఆదాయం 5 కోట్ల రూపాయలు దాటని చిన్న సంస్థలకు 2025 ఏప్రిల్ నుంచి 10 ఏళ్లకు ఇచ్చే వీలు వచ్చింది. గడువు తీరిపోయినా పాత కాగితాన్నే ఫ్రేము కట్టి గోడకు తగిలించిన సంస్థలున్నాయి. ఇంకో సంగతి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు. దానిలో సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట్లో ఇంకా 12ఎబి, 80జి అనే ఉన్నాయి కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. కొత్త నంబర్లు ఆడిటర్ దగ్గర రాయించుకోండి.

ఇక ఆడిట్ నివేదిక. లెక్కలు రావని భయపడకండి. పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేవే. జమాఖర్చుల పట్టిక తీసుకుని నాలుగు చోట్ల పెన్సిలు పెట్టండి. ఒకటి, "చేతిలో నగదు". ఏడాది చివర లక్షల్లో ఉంటే ఆ డబ్బు నిజంగా ఎవరి బీరువాలో ఉందో అడగండి. రెండు, "అడ్వాన్సులు". ఒకే పేరు మీద అదే మొత్తం మూడేళ్లుగా కనిపిస్తుంటే అది అడ్వాన్సు కాదు, తిరిగి రాని అప్పు. మూడు, జీతాలు, అద్దె. తీసుకుంటున్నది ట్రస్టీల బంధువులైతే మార్కెట్ రేటు కన్నా ఎక్కువ ఇస్తున్నారేమో చూడండి. ట్రస్టీలకు, వాళ్ల దగ్గరివాళ్లకు సంస్థ డబ్బుతో అనుచితంగా లాభం కలిగితే పన్ను మినహాయింపుకే ముప్పు. నాలుగు, అసలు సేవకు ఎంత ఖర్చయింది. మినహాయింపు నిలవాలంటే ఏటా ఆదాయంలో 85 శాతం సంస్థ ఆశయాలకే ఖర్చు కావాలి. మిగిల్చి దాచాలంటే దానికి వేరే ఫారం, వేరే గడువు ఉన్నాయి.

మినిట్స్ పుస్తకం అన్నిటికన్నా ఆఖరున తీయండి, నింపాదిగా చదవండి. ప్రతి సమావేశంలో ఒకే చేతిరాత, ఒకే రంగు సిరా, "అందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" తప్ప ఇంకో మాట లేకపోతే ఏడాది సమావేశాలన్నీ ఒకే రాత్రి రాసి ఉంటారు.

నాలుగో అడుగు: ఒప్పుకునే పద్ధతి

ఇష్టపడితే నోటిమాటతో సరిపెట్టకండి. మీరు అంగీకార పత్రం ఇవ్వాలి. సమావేశంలో తీర్మానం జరగాలి, దాని నకలు మీకు కావాలి. డీడ్ ప్రకారం అదనపు దస్తావేజు రాయాల్సి ఉంటే రాయించాలి. సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత జిల్లా రిజిస్ట్రార్‌కు ఇచ్చే కార్యవర్గ జాబితాలో మీ పేరు వెళ్లిందో లేదో చూసుకోండి. బ్యాంకులో, పన్ను శాఖ పోర్టల్‌లో, దర్పణ్‌లో కూడా వివరాలు మారాలి.

మీ ఆధార్, పాన్ నకళ్లు ఇచ్చేటప్పుడు వాటి మీద "ఫలానా ట్రస్టు బ్యాంకు ఖాతా కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి.

జీతం గురించి ఒక మాట. స్వచ్ఛంద ట్రస్టీకి జీతం ఉండదు. బస్సు చార్జీ, జిరాక్సు ఖర్చులాంటివి బిల్లు పెట్టి తీసుకోవచ్చు. తీసుకోండి కూడా. జేబులోంచి పెట్టుకోగల వాళ్లే ట్రస్టీలు కావాలంటే ఆ గదిలో ఎప్పుడూ డబ్బున్నవాళ్లే ఉంటారు.

ఐదో అడుగు: మొదటి ఏడాది డబ్బు మీద కన్ను

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. ఊరెళ్తున్నా, పురిటికి వెళ్తున్నా పెట్టకండి. రెండు సంతకాల నియమం లేకపోతే మీ మొదటి సమావేశంలోనే తీర్మానం పెట్టించండి. ఓటీపీ విషయం కూడా అంతే. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు బ్యాంకులు ఇస్తాయి, అది అడగండి.

విరాళం ఎంత చిన్నదైనా వరుస నంబరున్న రసీదు ఇవ్వాలి. 80జి మినహాయింపు కావాలనే దాత 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆయనకు ఆ మినహాయింపు రాదు. ఆ మాట డబ్బు తీసుకునేటప్పుడే చెప్పాలి. దాతల పాన్ వివరాలతో విరాళాల పట్టికను మే 31లోగా పన్ను శాఖకు పంపాలి. ఇన్నాళ్లూ దీన్ని 10బీడీ ఫారం అన్నారు. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము ఉంది, పెనాల్టీ వేరే. అది పంపాకే దాతకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ వస్తుంది. మా దగ్గర ఒక ఏడాది ఈ పని మరిచిపోతే, రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన మూడుసార్లు తిరిగారు. ఆయన ఇచ్చింది ఐదువేలు. ఆయన మళ్లీ విరాళం ఇవ్వలేదు.

డబ్బా పెట్టి పేరు లేకుండా వసూలు చేసే విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది. డబ్బా తెరిచేటప్పుడు ఇద్దరు ఉండి, లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకాలు చేసి, మర్నాడే బ్యాంకులో వేయాలి.

ఆరో అడుగు: అమెరికా నుంచి వచ్చే డబ్బు

మన ఊళ్లకు ఇది తప్పనిసరిగా చెప్పాల్సిన విషయం. ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. ప్రేమతోనే "బాబాయ్, నేను లక్ష పంపిస్తా, ఖాతా నంబరు ఇవ్వు" అంటారు. అక్కడ ఆగండి. ముందు "నీది ఏ పాస్‌పోర్టు నాన్నా?" అని అడగండి.

భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే చాలు. అదే అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. సంక్రాంతికి ఊరొచ్చి రూపాయల్లో ఇచ్చినా అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద కేంద్ర హోంశాఖ నమోదుగానీ ముందస్తు అనుమతిగానీ ఉండాలి. నమోదుకు సాధారణంగా సంస్థకు మూడేళ్ల వయసు, గత మూడేళ్లలో సేవకు 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. పాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. నమోదు ఉన్న వేరే సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడమూ కుదరదు.

చిన్న ట్రస్టుకు ఇదంతా మోయలేని బరువే. అలాంటప్పుడు ఆ అబ్బాయికి నిజం చెప్పండి. ఊళ్లో ఉన్న, భారత పౌరులైన అతని అమ్మానాన్నలు తమ సొంత డబ్బుతో విరాళం ఇస్తే అది వాళ్ల ఇష్టం. వాళ్ల ఖాతా గుండా అతని డబ్బు తిప్పమని మాత్రం మీరు సలహా ఇవ్వకండి. అది చట్టాన్ని తప్పించుకోవడమే అవుతుంది, చిక్కొస్తే ముసలివాళ్లు కూడా ఇరుక్కుంటారు.

ఏడో అడుగు: పిల్లలు, మహిళలు ఉన్న చోట

అనాథలు, ఆదరణ లేని పిల్లలు ఉండే వసతి గృహమైతే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదు తప్పదు. నమోదు కాగితం చూపించలేకపోతే ఆ సంస్థలో ట్రస్టీగా చేరకండి. ట్యూషన్ చెప్పే చోటైనా పెద్దవాళ్లెవరూ ఒక్క పిల్లవాడితోగానీ పిల్లతోగానీ తలుపు మూసి ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాతలో పెట్టండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. "సంస్థ పరువు" పేరుతో లోపలే సర్దుబాటు చేస్తే అది కూడా నేరం. పదిమంది లేదా అంతకు మించి పనివాళ్లున్న చోట మహిళల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి.

ఎనిమిదో అడుగు: సమావేశంలో నోరు విప్పడం

మన దగ్గర సమావేశమంటే టీ, బిస్కెట్లు, పెద్దాయన మాట, చివర సంతకాలు. వయసులో పెద్దవాళ్ల ఎదుట కాదనడం కష్టం. నాకూ మొదటి రెండేళ్లు గొంతు పెగల్లేదు. తర్వాత ఒక పద్ధతి దొరికింది. సమావేశానికి వారం ముందే అజెండా, మూడు నెలల లెక్క చేతికి రావాలని తీర్మానం చేయించాం. ప్రశ్నలు ముందే కోశాధికారికి ఫోన్లో అడిగేదాన్ని. అందరి ముందు అడిగితే ఆయనకు అవమానంగా ఉండేది, ఇంటికి ఫోన్ చేస్తే ఓచరు వెతికి పెట్టేవారు.

ఒక ట్రస్టీ సిమెంటు కొట్టు నుంచే సిమెంటు కొంటున్నారనుకోండి. తప్పని వెంటనే అనకండి. మూడు చోట్ల రేట్లు తెప్పించమనండి, నిర్ణయం జరిగేటప్పుడు ఆయన్ని బయట కూర్చోమనండి, ఈ రెండూ మినిట్స్‌లో రాయించండి. చాలాసార్లు ఆయన రేటే తక్కువని తేలుతుంది, ఆయన మీద గుసగుసలూ ఆగుతాయి.

మీరు ఒప్పుకోని నిర్ణయం జరిగితే మీ పేరుతో అభ్యంతరం రాయించండి. రాయకపోతే ఆ రోజే ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సంస్థ డబ్బు పక్కదారి పడితే నమ్మకద్రోహం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కేసు రావచ్చు. ప్రజాహిత ట్రస్టు మీద ఆసక్తి ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద దావా వేయవచ్చు. అప్పుడు "నేను పేరుకే ఉన్నాను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు. మినిట్స్‌లో ఉన్న మీ అభ్యంతరమే మీ తరఫున మాట్లాడుతుంది.

చివరి అడుగు: బయటికి రావడం

ఓపిక తగ్గినా, ఊరు మారినా, మాట చెల్లకపోయినా వెళ్లడం మానేసి ఊరుకోకండి. కాగితాల్లో మీ పేరు ఉన్నంతకాలం బాధ్యత మీదే. రాజీనామా రాతలో ఇవ్వండి, ఆమోదించిన తీర్మానం నకలు తీసుకోండి. మీ దగ్గరున్న రిజిస్టర్లు, తాళాలు, పాస్‌వర్డులు జాబితా రాసి అప్పగించండి. బ్యాంకుకు మీరే వెళ్లి సంతకాల అధికారం నుంచి మీ పేరు తీయించుకోండి. రిజిస్ట్రార్ దగ్గర, పోర్టళ్లలో పేరు మారిందో లేదో మూడు నెలల తర్వాత ఇంకోసారి చూసుకోండి.

నేను తొమ్మిదేళ్లు ఉండి, మోకాళ్ల నొప్పుల వల్ల తప్పుకున్నాను. నా స్థానంలోకి వచ్చింది ఒకప్పుడు మా సాయంత్రం ట్యూషన్లో చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు మీసేవ కేంద్రం నడుపుతోంది. చేరేముందు మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడిగి తీసుకెళ్లింది. వారం తర్వాత వచ్చి, "టీచర్, ఈ అడ్వాన్సు రెండేళ్లుగా ఇలాగే ఉందేంటి?" అంది. గ్యాస్ సిలిండర్ల డిపాజిట్ అది. రసీదు తీసి చూపించాక అంగీకార పత్రం మీద సంతకం పెట్టింది.